పేరు లేని మంద్రస్వరము

పాట వినునపుడు మన చెవి మొట్టమొదట గాయకుని కంఠము వెంట పోవును. పిమ్మట వయొలినో, వేణువో, పియానోయో దాని నాకర్షించును. వీని యన్నిటికిని అడుగున, ఇంటికి నేలవలె, లోతైన నాద మొకటి నడచుచుండును. దానిని వింటిరా యని యడిగినచో పెక్కుమంది లేదనియే చెప్పుదురు. కాని ఆ నాదమును తీసివేసి అదే పాటను వినిపించినచో, ఏదియో పోయినదని అందఱును వెంటనే గుర్తింతురు. ఏమి పోయినదో మాత్రము చెప్పజాలరు. 1950 తరువాత అమెరికాలో పెరిగి లోకమంతట వ్యాపించిన రాక్ పాటలలో ఈ యడుగునాదమును పలికించు వాద్యము బేస్ గిటారు. ఆ వాద్యమును లెక్కలేనన్ని పాటలలో వాయించి, పిమ్మట దానిని వాయించుట యెట్లో పుస్తకములు వ్రాసి పరులకు నేర్పిన యొక స్త్రీ చరిత్రము నిచట చెప్పబోవుచున్నాను. ఆమె పేరు కెరోల్ కే.

ముందుగా ఆ వాద్యమును గూర్చి కొంత తెలిసికొనవలెను. పూర్వము ఆ దేశమున మంద్రస్వరములకు 'డబుల్ బేస్' అను పెద్ద వాద్యమును వాడుచుండిరి. అది ఇంచుమించు మనిషి నిలువెత్తుండును; దానిని నేలపై నిలువబెట్టి, ప్రక్కన నిలుచుండి వాయింపవలెను. ఊరూరికి మోసికొని పోవుట కష్టము. ట్రంపెట్లును డ్రమ్ములును మ్రోగుచుండగా దాని ధ్వని వినబడుటయు కష్టమే. దానికి మెట్లు లేవు గనుక, స్వరస్థానము తప్పకుండ వ్రేలు పడుటకు చిరకాలాభ్యాసము కావలెను. 1951లో కాలిఫోర్నియా రాష్ట్రమందలి ఫుల్లర్టన్ పట్టణమున లియో ఫెండర్ అను నతడు దీనికి మాఱుగా ఒక విద్యుద్వాద్యమును చేసి అమ్మకమునకు పెట్టెను. అది గిటారువలె భుజమునకు తగిలించుకొనదగినది. వీణకు వలె మెట్లు కలది. తీగల క్రింద నమర్చిన అయస్కాంతపు చుట్ట తీగ కంపమును విద్యుత్తుగా మార్చును. ఆ విద్యుత్తు లౌడుస్పీకరునకు పోయి మరల ధ్వని యగును. మెట్లుండుటచే స్వరము ఖచ్చితముగా పలుకును గనుక, ఆ యర్థమునే యిచ్చు 'ప్రెసిషన్' అను మాటను దానికి పేరుగా పెట్టిరి.

దానికి తీగలు నాలుగు. గిటారులో లావైన తీగలు నాలుగును ఏ స్వరములను పలుకునో, ఇవియు నా స్వరములనే ఒక స్థాయి క్రిందుగా పలుకును. గిటారులో మిక్కిలి లావైన తీగ సెకండునకు సుమారు 82 మార్లు కంపించును. బేస్ గిటారులోని లావు తీగ సుమారు 41 మార్లు మాత్రమే కంపించును. అందుచేత తీగ పొడవును లావును హెచ్చు. కంపించు భాగమే 34 అంగుళములు. మెట్టుపై దానిని అదిమి పట్టుటకు చేతిలో బలము కావలెను.

మన కచేరీలో తంబురా శ్రుతిని నిలుపును, మృదంగము లయను నడపును. రాక్ సంగీతమున బేస్ గిటారు ఈ రెండింటికిని నడుమ నిలుచును. తంబురా ఆద్యంతము ఒకే శ్రుతిని పట్టుకొని యుండును. బేస్ గిటారు అట్లు కాదు. పాశ్చాత్యుల పాటలో రెండు మూడు స్వరములను కలిపి ఒక్కసారి పలికించు గుచ్ఛము లుండును. గుచ్ఛము మాఱినపుడెల్ల దాని మూలస్వరమును బేస్ గిటారు పలికి, 'ఇపుడు మన మిచట నున్నాము' అని తక్కినవారికి తెలుపును. అదే క్షణమున డ్రమ్ముల దెబ్బతో కలసి తాళమును గూడ తెలుపును. ఈ వాద్యగాడు తప్పటడుగు వేసినచో గాయకుడు మొదలుగా అందఱును తడబడుదురు.

కెరోల్ 1935వ సంవత్సరము మార్చి 24వ తేదీన వాషింగ్టన్ రాష్ట్రమందలి ఎవరెట్ పట్టణమున జన్మించెను. తండ్రి ట్రాంబోను, తల్లి పియానో వాయించి జీవించువారు. సంగీతము వారి కన్నము పెట్టెనే గాని సిరి నీయలేదు. 1942లో కాలిఫోర్నియాకు తరలిపోవుటకు డబ్బు లేక ఇంటిలోని పియానోను అమ్మివేసిరి. వాద్యమే జీవనాధారమైన యింట వాద్యమును అమ్ముకొనుట యన నేమో, వ్యవసాయము చేయు కుటుంబముల పిల్లలకు నేను వేఱుగ చెప్పనక్కఱ లేదు. ఎడ్లజతను అమ్ముకొనిన రోజు వారికి గుర్తుండును. లాస్ ఏంజెలెస్ నగరమున, ఓడరేవు ప్రక్క, విల్మింగ్టన్ అను చోట పేదల యిండ్లలో వారు కాపురముండిరి.

పదుమూడేండ్ల వయసున తల్లి ఆమెకొక గిటారు నిచ్చెను. లాంగ్ బీచ్ పట్టణమున హోరెస్ హాచెట్ అను గురువు నొద్ద ఆమె పాఠము ప్రారంభించెను. కొలది నెలలలోనే ఆమె చుఱుకుదనమును చూచి, తన యొద్దకు వచ్చు క్రొత్త విద్యార్థులకు పాఠము చెప్పు పనిని ఆయన ఆమెకే అప్పగించెను. 1949 నాటికి, అనగా పదునాలుగవ యేట, ఆమె జీతము తీసికొని గిటారు నేర్పుచుండెను. బాలబాలికలారా! పదునాలుగేండ్లనగా ఇంచుమించు మీ యీడే. నిన్న నేర్చినదానిని నేడు మఱియొకరికి చెప్పవలసి వచ్చినపుడు, మనకు తెలిసినదెంత, తెలిసినట్లు తోచినదెంత అను సంగతి బయటపడును. ఉపాధ్యాయవృత్తిలో చేరిన మొదటి మాసమున నాకును అది బయటపడినది గనుకనే చెప్పుచున్నాను.

యౌవనమున ఆమె మనస్సు జాజ్ సంగీతముపై నుండెను. జాజ్ అనునది మన మనోధర్మ సంగీతమువలె, వాయించుచున్న క్షణముననే కల్పన చేయవలసిన విద్య. పగలు టైపు యంత్రముపై పని, రాత్రి క్లబ్బులలో గిటారు. ఇట్లు ఆమె తల్లిని, బిడ్డలను పోషించుచుండెను. 1957లో బెవర్లీ కేవర్న్స్ అను క్లబ్బున ఆమె వాయించుచుండగా బంప్స్ బ్లాక్‌వెల్ అను రికార్డు నిర్మాత విని, శామ్ కుక్ అను గాయకుని పాటకు గిటారు వాయింపుమని పిలిచెను. రికార్డుల స్టూడియోలలో పాపులర్ పాటలకు వాయించుట జాజ్ విద్వాంసుల దృష్టిలో కొంచెము తక్కువ పని. ఆమెకును ఆ సంకోచ ముండెను. కాని క్లబ్బులో ఎన్నో రాత్రులు మేల్కొనిన గాని రాని డబ్బు అచట కొలది గంటలలో వచ్చెను. ఇంటిలో బిడ్డలున్న తల్లి ఎన్నుకొనవలసిన దేదో ఆమె ఎన్నుకొనెను. మఱుసటి సంవత్సరము రిచీ వాలెన్స్ పాడిన 'లా బంబా' అను పాటలోను ఆమె గిటారు కలదు.

స్టూడియో పని యెట్లుండునో చెప్పెదను. వాద్యగాండ్రకు వాద్యకారుల సంఘము నిర్ణయించిన వేతన ముండెను. ఒక్కొక్క కూర్పు సాధారణముగా మూడు గంటలు. ఆ మూడు గంటలలో మూడు నాలుగు పాటలు పూర్తి కావలెను. వచ్చువఱకు ఏ పాటయో తెలియదు. ఎదుట స్వరలిపి కాగితము పెట్టుదురు. కొన్నిసార్లు అదియు సగమే వ్రాసి యుండును. చూచిన వెంటనే వాయింపవలెను; వ్రాయని చోట తగిన స్వరములను తామే కల్పింపవలెను. అది ముగియగానే మఱియొక స్టూడియోకు పరుగు. ఒక్కొక్క దినమున మూడు కూర్పులును, ఒక్కొక్కప్పుడు నాలుగును జరుగుచుండెను. ఆ లయవాద్యముల పంక్తిలో పురుషులందఱి నడుమ తఱచుగా ఆమె యొక్కతెయే స్త్రీ. సమయమునకు వచ్చి, తప్పు లేకుండ వాయించువారే మరల పిలువబడుదురు. తక్కినవారి స్థానమున మఱునాడు వేఱొకరు కూర్చుందురు. ఆమెను మరల మరల పిలిచిరి.

1963లో హాలీవుడ్ నందలి కాపిటల్ రికార్డుల స్టూడియోకు ఆమె గిటారు వాయించుటకు వెళ్ళిన యొకనాడు, బేస్ గిటారు వాయింపవలసిన యతడు రాలేదు. ఉన్నవారిలో ఒకరు ఆ స్థానమున కూర్చుండవలసి యుండగా, ఆమెను కూర్చుండుమనిరి. అంతకు ముందు ఆమె ఆ వాద్యమును వృత్తిగా చేపట్టలేదు. ఆనాడు చేతికి వచ్చిన తరువాత విడిచిపెట్టలేదు. గిటారు వాయించువారు పాటకొక రకము గిటారు చొప్పున అయిదాఱింటిని మోసికొని తిరుగవలెను, బేస్ గిటారు వాయించువారికి ఒక్కటి చాలును అని ఆమె నవ్వుచు చెప్పెడి కారణము. అసలు కారణము మఱియొకటి. అడుగునుండి పాటను నడిపించు నధికారము ఆ నాలుగు తీగలలోనే యున్నదని ఆమె కనిపెట్టెను.

వ్రేళ్ళతో కాక గట్టి బిళ్ళతో ఆమె తీగలను మీటెడిది. తీగల చివర, వంతెన దగ్గఱ, దట్టమైన ఉన్నిగుడ్డ ముక్కను మడిచి యుంచెడిది. అందువలన ఒక స్వరపు ఝంకారము తరువాతి స్వరముపైకి ప్రాకక, ఒక్కొక్కటియు విడివిడిగా, గుండ్రముగా వినబడెను. ఆ కాలపు చిన్న రేడియోలలోను ఆమె వాయించిన స్వరములు స్పష్టముగా వినవచ్చుటకు ఈ చిన్న యుపాయము తోడ్పడెను.

1966లో ప్రసారము ప్రారంభమైన 'మిషన్ ఇంపాసిబుల్' అను టెలివిజన్ కథామాలికకు లాలో షిఫ్రిన్ కూర్చిన ముఖగీతమును మీలో కొందఱు వినియే యుందురు. అది అయిదు మాత్రల తాళమున నడచును. మన ఖండచాపునకు దగ్గఱి నడక. అందలి బేస్ గిటారు ఆమెదే. సోనీ, షేర్ అను దంపతులు పాడి 1967లో వెలువరించిన 'ది బీట్ గోస్ ఆన్' అను పాట కథ యింకను వినదగినది. ఆ పాటలో మొదటినుండి చివఱివఱకు ఒకే స్వరగుచ్ఛము, మార్పు లేదు. వినువారికి విసుగు పుట్టుట తథ్యమని వాద్యగాండ్రకు తోచెను. కెరోల్ కూర్చుండి, ఈ పోలిక కుదరునా, ఆ పోలిక కుదరునా యని మంద్రస్వరములను పలువిధముల మార్చి చూచి, కుంటుచు నడచినట్లుండు నొక చిన్న స్వరవరుసను పట్టుకొనెను. పాట దానిపై నిలిచెను. నేటికిని ఆ పాట ననగానే జనులకు ముందు గుర్తు వచ్చునది పల్లవి కాదు, ఆ స్వరవరుసయే.

బీచ్ బాయ్స్ అను బృందమునకు నాయకుడైన బ్రయన్ విల్సన్ స్వయముగా బేస్ గిటారు వాయించువాడు. అయినను స్టూడియోలో ఆ స్థానమున తఱచుగా కెరోల్‌ను కూర్చుండబెట్టి, తన తలలోని స్వరములను ఆమెకు చెప్పి వాయింపజేసెడివాడు. 1966లో వెలువడిన 'పెట్ సౌండ్స్' అను సంపుటము కొఱకు పని ప్రారంభమైనపుడు బృందములోని తక్కినవారు జపానులో కచేరీలు చేయుచుండిరి. వాద్యభాగములను స్టూడియో సంగీతకారులే వాయించిరి. ఇంగ్లండు దేశపు బీటిల్స్ బృందమున బేస్ గిటారు వాయించిన పాల్ మెకార్ట్‌నీ ఆ సంపుటమందలి మంద్రస్వరముల నడక తన్ను మిక్కిలి ప్రభావితుని జేసినదని చెప్పియున్నాడు. మూలస్వరమును మాత్రమే పట్టుకొని వ్రేలాడక, మంద్రమునను ఒక రాగాలాపన సాగవచ్చునని అతనికి దానివలన తెలిసెను.

ఆ సంపుటము మొదట వెలువడినపుడు అట్టపై ఆమె పేరు లేదు. ఆ రోజులలో రికార్డుపై పాడినవారి పేరు, కంపెనీ పేరు, పాట వ్రాసినవారి పేరు మాత్రమే అచ్చు వేయుట పెక్కు కంపెనీల యలవాటు. నా చిన్నతనమున మా యింట గ్రామఫోను పెట్టె యొకటి యుండెడిది. ఒక పాటలో వీణ వాయించినవా రెవరని నేను మా తండ్రిగారి నడిగితిని. ఆయన ప్లేటు నడుమనున్న ఎఱ్ఱని కాగితమును కండ్లకు దగ్గఱగా పెట్టుకొని, వెనుకకు త్రిప్పి చూచి, "వ్రాయలేదురా" అనెను. ఆ వీణ వాయించినవా రెవరో నాకు నేటికిని తెలియదు.

పేరు వ్రాయకపోవుట గౌరవమునకు లోపమనియే చాలమంది తలంతురు. దానివలన సత్యమునకు గూడ లోపము కలుగును. డెట్రాయిట్ నగరపు మోటౌన్ కంపెనీ పాటలలో కొన్నిటికి తాను బేస్ గిటారు వాయించితినని కెరోల్ అనేక పర్యాయములు చెప్పెను. అందు కొన్ని జేమ్స్ జేమర్సన్ అను మఱియొక గొప్ప వాద్యకారుడు వాయించినవని ఆ చరిత్రను పరిశోధించిన పలువురు వాదించిరి. జేమర్సన్ 1983లో మరణించెను. అతడును ఆ కంపెనీలో ఏండ్ల తరబడి పేరు లేకుండ వాయించినవాడే. ఒక్క పంక్తి అచ్చు వేసియున్నచో, ఇద్దఱు శ్రమజీవుల నడుమ ఈ తగవు పుట్టెడిది కాదు.

దాదాపు పండ్రెండేండ్లు ఇట్లు పని చేసినపిమ్మట, 1969 నాటికి ఆమె మిక్కిలి యలసిపోయెను. పాటలపై రుచి తగ్గెను. అపుడు స్టూడియోలకు కొంతకాలము దూరమై, 'హౌ టు ప్లే ది ఎలెక్ట్రిక్ బేస్' అను పుస్తకమును వ్రాసి తానే ప్రచురించెను. బేస్ గిటారు పుట్టి అప్పటికి పదునెనిమిదేండ్లు మాత్రమే. వాయించువారు వేలకొలది యుండిరి, చెప్పువారు అరుదు. డబుల్ బేస్ నుండి కొందఱును, గిటారునుండి కొందఱును వచ్చి, ఎవరికి తోచినట్లు వారు వాయించుచుండిరి. ఆ పుస్తకము వెంట ఆమె మఱికొన్ని వ్రాసెను. ఎందఱికో స్వయముగా పాఠము చెప్పెను.

ఆమె బోధనలో రెండు సంగతులు నాకు నచ్చినవి. ఒకటి: స్వరములను మెట్లవరుసలో పైకి క్రిందికి పరుగెత్తించు నభ్యాసముతో కాలము పుచ్చవద్దని ఆమె చెప్పును. ప్రతి గుచ్ఛములోని స్వరములను, వాని పరస్పర సంబంధమును వ్రేళ్ళకు అలవాటు చేయుమనును. పాట నిర్మాణము గుచ్ఛములలో నున్నది గనుక, వానిని తెలిసినవాడు క్రొత్త పాటలోను దారి తప్పడు. రెండవది తాళమునకు సంబంధించినది. మెట్రోనోము అను యంత్రము గడియారమువలె సమకాలమున టిక్కు టిక్కు మనును. చాలమంది ప్రతి మాత్రకును ఆ ధ్వని పడునట్లు పెట్టుకొని సాధన చేయుదురు. నాలుగు మాత్రల తాళములో రెండవ, నాలుగవ మాత్రలయందే అది పలుకునట్లు పెట్టుకొమ్మని ఆమె చెప్పెను. మొదటి మాత్ర ఎచటనో విద్యార్థి తానే మనస్సులో నిలుపుకొనవలెను. మీరు చేసి చూడుడు: ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లోలోపల లెక్కించుచు, రెండును నాలుగును వచ్చినపుడు మాత్రమే చప్పట్లు చఱచుడు. కొంతసేపటికే మీ చప్పట్లు ఒకటికిని మూడునకును జాఱిపోవును. జాఱనీయకుండ నిలుపగలిగిననాడు తాళము మీ లోపల నున్నట్లు. యంత్రము తాళము వేసి విద్యార్థి దాని వెంట పోవుటకును, విద్యార్థి తాళమును మోయుటకును గల భేదము ఇంత సులువుగా చూపిన పాఠమును నే నెచటను చూడలేదు.

టోటో అను రాక్ బృందమున మొదట డేవిడ్ హంగేట్, 1982లో అతడు వెడలిపోయినపిమ్మట మైక్ పోర్కారో బేస్ గిటారు వాయించిరి. ఒకరి వెనుక ఒకరు ఒకే స్థానమున నిలిచిన వీ రిరువురును ఆమె శిష్యులే.

1976లో మోటారుకారు ప్రమాదమున గాయపడి ఆమె వాయించుట చాలవఱకు మానవలసి వచ్చెను. నేర్పుట మానలేదు. పుస్తకములు, ధ్వనిముద్రిత పాఠములు, తరువాతి కాలమున వీడియో పాఠములు వెలువరించుచు, వార్ధక్యమునను శిష్యులకు చెప్పుచుండెను.

పేరు సంగతి చివఱకు మఱియొక రూపమున వచ్చెను. 1997లో 'పెట్ సౌండ్స్' కూర్పుల ధ్వనిముద్రలను పెద్ద సంపుటముగా వెలువరించినపుడు, కంఠములు లేని వాద్యభాగములను విడిగా చేర్చిరి; వాయించినవారి పేర్లను, వారి జ్ఞాపకములను పుస్తకమున అచ్చు వేసిరి. గాయకుల గొంతు తొలగిన ఆ ముద్రలలో లోకము ఆమె తీగలను తేటగా వినెను. 2008లో ఆ కాలపు స్టూడియో వాద్యగాండ్రను గూర్చి 'ది రెకింగ్ క్రూ' అను చలనచిత్రము వచ్చెను. అందు ఆమెయు కలదు. కాని ఆ కాలమున తమ్మెవరును ఆ పేరున పిలువలేదని, అది తరువాత తగిలించిన పేరని ఆమె గట్టిగా ఆక్షేపించెను. పేరు లేకుండ పనిచేసినవారు, తమది కాని పేరు పెట్టినను ఒప్పుకొనకపోవుట వింత కాదు.

2025లో రాక్ సంగీత ప్రముఖుల కీర్తిమందిరమువారు ఆమెను గౌరవింప నిశ్చయించిరి. మఱియొకరైనచో అరువదేండ్ల యాలస్యమును క్షమించి వెళ్ళియుందురు. ఆమె ఉత్సవమునకు రానని ప్రకటించెను. స్టూడియో సంగీతకారులు చేసిన పనిని ఆ యుత్సవము చూపజాలదని, ఆ గదులలో తాము ఎల్లపుడును ఒక జట్టుగా కూర్చుండితిమే గాని, అందు తాను ఒంటరి కళాకారిణిగా నుండలేదని ఆమె వ్రాసెను. అప్పటికి ఆమె వయస్సు 90 సంవత్సరములు.